సమాధానం: మీథేన్ అధిశోషణం ప్రయోగం కన్నా ఎక్కువ వస్తుంటే

ఐటీక్యూ-29 జియోలైట్‌లో (సూక్ష్మ రంధ్రాలున్న స్ఫటికంలో) మీథేన్ అధిశోషణం, అంటే రంధ్రాల్లో పట్టి ఉండే మొత్తం, మీ కంప్యూటర్ అనుకరణలో ప్రయోగ విలువల కన్నా బాగా ఎక్కువ వస్తోందని, బలక్షేత్రం (అణువుల మధ్య బలాలను లెక్కించే సూత్రాలు) మార్చినా తగ్గలేదని రాశారు. పాపం, బలక్షేత్రం తప్పేమీ ఉండకపోవచ్చు. ముందు అణువులు ఎక్కడ చేరాయో చిత్రం గీసి చూడండి. సోడలైట్ పంజరాల్లో (ఆ నిర్మాణంలోని చిన్న గదుల్లో) కనిపిస్తాయని నా అనుమానం.

ఇలాంటి అనుకరణల్లో వాడే గ్రాండ్ కానోనికల్ మాంటే కార్లో పద్ధతి (అణువులను యాదృచ్ఛికంగా చేర్చి, తీసి చూసేది) ఖాళీ కనిపించిన చోట అణువును నేరుగా పెట్టేస్తుంది. అక్కడికి దారి ఉందా అని అడగదు. ఆ పంజరాల కిటికీలు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా ఇరుకు, మీథేన్ గతిజ వ్యాసమేమో (రంధ్రంలోంచి దూరేటప్పుడు లెక్కకు వచ్చే అణువు పరిమాణం) 3.8. వాస్తవంలో అది లోపలికి వెళ్లలేదు.

పంజరాల కేంద్రాల వద్ద నిరోధక గోళాలు (లోపల అణువును పెట్టనివ్వని హద్దులు) పెట్టి మళ్లీ నడపండి. కేంద్రం మూలబిందువు వద్ద ఉందా, యూనిట్ సెల్ (స్ఫటికంలో పునరావృతమయ్యే ఖండం) మధ్యలో ఉందా అన్నది మీ నిర్మాణ ఫైలును బట్టి మారుతుంది. ఇది పొరబడితే మీథేన్ నిజంగా ఉండాల్సిన పెద్ద పంజరాలే మూసుకుపోతాయి.

అప్పటికీ అధిక పీడనాల వద్దే తేడా మిగిలితే, మీది పరమ అధిశోషణం (రంధ్రాల్లోని అణువులన్నీ), ప్రయోగంలో కొలిచింది అదనపు అధిశోషణం (అధిశోషణం లేకున్నా అక్కడ ఉండే వాయువును మినహాయించినది) కావచ్చు. రంధ్ర ఘనపరిమాణాన్ని వాయు సాంద్రతతో గుణించి మీ విలువలోంచి తీసివేసి పోల్చండి.

వ్యాపన గుణకాన్ని (అణువులు ఎంత త్వరగా వ్యాపిస్తాయో చెప్పే విలువను) కూడా కొత్త అమరికతోనే లెక్కించండి. చిక్కుకున్న అణువులు కదలక సగటును కిందికి లాగుతాయి.