ముఖచిత్రానికి ఎక్కని ఫ్రేములు

తమ్ముడికి,

ఆశీస్సులు. ఒక రాక్ గాయకుడి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. గిటారు మోతనూ డ్రమ్ముల దెబ్బనూ మాటల్లో పట్టుకోగల చెవి నీకుంది. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు కాబట్టి దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. నన్ను ఆపింది మూడో పేజీలోని ఒక వాక్యం. ఆ గాయకుడి పాత ఫొటో ఒకటి తీసుకుని, "ఆయన మోసిన ఒంటరితనమంతా ఆ కళ్ళలోనే ఉంది" అని రాసి ముందుకు వెళ్ళిపోయావు. ఆ ఫొటో ఎవరు తీశారో, ఎక్కడ తీశారో, దానికి ముందూ వెనకా తీసినవి ఏమయ్యాయో, అన్నిటిలోంచి దీన్ని ఏరింది ఎవరో నువ్వెక్కడా అడగలేదు. రాక్ సంగీతం గురించి పత్రికలకు రాయదలచుకున్నవాడు మొట్టమొదట అలవాటు చేసుకోవలసిన ప్రశ్న అదేనని నా నమ్మకం. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

ఫిల్ము రోజుల్లో ఫొటోగ్రాఫర్ కచేరీ నుంచి వచ్చి రీలు కడిగి, ఆరేసి, నెగెటివ్‌ను పట్టీలుగా కత్తిరించి, వాటిని ఫొటో కాగితం మీద వరుసగా పరిచి ఒకే అచ్చు తీసేవాడు. ఒక్క కాగితం మీద 36 ఫ్రేములు, ఒక్కొక్కటి తపాలా బిళ్ళంత. దాన్ని కాంటాక్ట్ షీట్ అంటారు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక పత్రికా కార్యాలయంలో అలాంటి షీట్ మీద భూతద్దం ఆనించి చూసే అవకాశం నాకు దొరికింది. ఒక ఫ్రేములో గాయకుడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. తర్వాతి దాంట్లో మైకు ముఖానికి అడ్డం వచ్చింది. ఆ పక్కదాంట్లో వెనక్కి తిరిగి డ్రమ్మర్‌తో ఏదో అంటూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. దాని పక్కనే, చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయి, తల వంచి, లోకంలోని దుఃఖమంతా తనమీదే పడ్డట్టు నిలబడి ఉన్నాడు. సంపాదకుడి ఎర్ర పెన్సిలు గీత ఆ చివరిదాని చుట్టూ ఉంది. ఆ నవ్వుకూ ఈ దుఃఖానికీ మధ్య ఎడం రెండు మూడు సెకన్లకు మించి ఉండదు. పాఠకులకు చేరింది మాత్రం ఒక్క దుఃఖమే. ఆ ఫొటో అబద్ధమని నేననను, అదీ జరిగిన క్షణమే. కానీ దాని మీద ఒక మనిషి జీవితాన్ని నిలబెట్టే ముందు పక్క ఫ్రేము సంగతి తెలిసి ఉండాలి.

1979 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పల్లాడియం అనే హాలులో, ది క్లాష్ అనే బ్రిటిష్ పంక్ రాక్ బృందంలో బేస్ గిటారు వాయించే పాల్ సిమనన్ తన గిటారును వేదికకేసి బాదుతుండగా పెన్నీ స్మిత్ తీసిన ఫొటో నువ్వు చూసే ఉంటావు. ఫోకస్ సరిగ్గా లేదని ఆమె దాన్ని వద్దంది. బృందపు గాయకుడు జో స్ట్రమ్మర్ పట్టుబట్టడంతో అదే 'లండన్ కాలింగ్' ఆల్బమ్ అట్ట మీదికెక్కింది. తీసినవాళ్ళు పక్కన పెట్టమన్నదే రాక్ చరిత్రలో అందరికీ గుర్తున్న బొమ్మ అయింది. దాన్ని చూసిన ప్రతివాడూ వ్యవస్థ మీద తిరుగుబాటు అని రాస్తాడు. ఆ రాత్రి శ్రోతలను సీట్లలోంచి లేవనివ్వకుండా కాపలావాళ్ళు అడ్డుకుంటుంటే ఒళ్ళు మండి అలా చేశానని సిమనన్ తర్వాతి కాలంలో చెప్పాడు. నాకైతే తిరుగుబాటు అనే పెద్ద మాటకంటే ఆ సీట్ల సంగతే విలువైనదిగా అనిపిస్తుంది, ఎందుకంటే అందులో ఒక హాలు ఉంది, లేచి ఆడాలనుకున్న జనం ఉన్నారు, వాళ్ళను కూర్చోబెట్టిన చేతులున్నాయి.

ఇంకొక ఫొటో గురించి మరింత జాగ్రత్తగా మాట్లాడాలి. 1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లో ఆయన నివాసమున్న డకోటా భవనంలో, రోలింగ్ స్టోన్ అనే అమెరికా సంగీత పత్రిక కోసం ఆనీ లీబొవిట్జ్ బీటిల్స్ బృందపు మాజీ గాయకుడు జాన్ లెనన్‌ను ఫొటో తీసింది. పత్రికకు కావలసింది లెనన్ ఒక్కడే. భార్య యోకో ఓనో కూడా ముఖచిత్రం మీద ఉండాలని ఆయన పట్టుబట్టాడు. నల్లటి దుస్తుల్లో వెల్లకిలా పడుకున్న ఆమెను, ఒంటిమీద నూలుపోగు లేకుండా పసిపిల్లవాడిలా ముడుచుకుని చుట్టుకుపోయి, చెంప మీద ముద్దుపెడుతున్న లెనన్. ముందు పోలరాయిడ్ మీద, అంటే అప్పటికప్పుడే అచ్చు వచ్చే కెమెరాతో, తీసి చూసుకుంటే ఇద్దరికీ నచ్చింది. ఆ రాత్రే ఆ భవనం వాకిట్లో ఆయనను కాల్చి చంపారు. 1981 జనవరి 22 సంచిక ముఖచిత్రంగా ఆ ఫొటో, పైన పత్రిక పేరు తప్ప శీర్షికలేవీ లేకుండా వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకు నేను ఇప్పటికీ చేతులు జోడిస్తాను.

ఆ రోజు నుంచీ దాన్ని వీడ్కోలు ముద్దు అనే రాస్తున్నారు. ఫొటో తీసేటప్పుడు మాత్రం ఆ గదిలో వీడ్కోలు లేదు. మూడు వారాల కిందటే కొత్త ఆల్బమ్ విడుదలైన ఒక జంట, తమ అనుబంధం ఎలా కనిపించాలో తామే తేల్చుకుంటున్న ఒక మామూలు పనిరోజు అది. నువ్వెప్పుడైనా దాని గురించి రాయవలసి వస్తే ముందు ఆ పగటిని రాయి, రాత్రిని రాత్రి వచ్చినప్పుడే రాయి. జరగబోయేది తెలిసినవాడి కళ్ళతో చూస్తే ఆ మనిషి తన చివరి రోజున అనుభవించిన సంతోషాన్ని కూడా ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నట్టే అవుతుంది.

సంగీతాన్ని ప్రేమించేవాడు ఇంత నిలదీయగలడా అని నీకు అనుమానం రావచ్చు. 1969 డిసెంబరు 6న ఉత్తర కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ రేసు మైదానంలో రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బృందం (పత్రిక పేరు రోలింగ్ స్టోన్, ఇది వేరు) జరిపిన ఉచిత కచేరీకి సుమారు 3 లక్షల మంది వచ్చారు. వేదిక దగ్గర కాపలాకు నిలబడింది హెల్స్ ఏంజెల్స్ మోటార్‌సైకిల్ ముఠా. బృందం పాడుతుండగానే వేదిక ముందు 18 ఏళ్ల మెరిడిత్ హంటర్ అనే నల్లజాతి యువకుణ్ణి ఆ ముఠావాడొకడు కత్తితో పొడిచి చంపాడు. దూరంగా కూర్చున్న వేలమందికి ఆ సంగతే తెలియకుండా కచేరీ ముగిసిపోయింది. రోలింగ్ స్టోన్ పత్రికకు అప్పటికి నిండా మూడేళ్లు లేవు. దాని ప్రాణం ఆ సంగీతం, దాని పాఠకులు ఆ బృందపు అభిమానులు. అయినా పలువురు విలేకరులను పురమాయించి, అక్కడున్నవాళ్ళ మాటలు ఒక్కొక్కటే పోగుచేసి, నిర్వాహకులనూ ఆ బృందాన్నీ కూడా తప్పుపడుతూ 1970 జనవరి సంచికలో పేజీలకు పేజీలు ప్రచురించింది. 1971లో దక్కిన నేషనల్ మ్యాగజైన్ అవార్డు వెనక ఆ కథనం ఉంది. రాసినవాళ్ళకు సంగీతమంటే ప్రేమ లేకపోతే అంత నొప్పితో రాసేవారు కాదు.

ఈ రోజుల్లో కచేరీ ఫొటోగ్రాఫర్లను చాలాచోట్ల వేదిక ముందున్న కంచె దాకా మొదటి మూడు పాటలకే రానిస్తారు, ఫ్లాష్ వాడనివ్వరు, నాలుగో పాటకు బయటికి పంపేస్తారు. అలంకరణ చెదరక ముందు, గొంతు అలసిపోక ముందు ఉన్న మనిషే ఫొటోల్లో మిగులుతాడు. కొందరు తారలు ఫొటోల మీద హక్కులు కూడా రాయించుకుంటారు. రోలింగ్ స్టోన్ తొలి ప్రధాన ఫొటోగ్రాఫర్ బేరన్ వోల్మన్ 1967లో జీతం వద్దని, తన నెగెటివ్‌ల మీద హక్కు మాత్రం తనదేనని ఒప్పందం చేసుకున్నాడు. ఆ ముందుచూపు నీ వ్యాసాల విషయంలో నీకూ ఉండాలి, సంతకం పెట్టే ముందు కాగితం పూర్తిగా చదువు.

రాసేవాడికి మూడు పాటల నిబంధన ఇంకో రూపంలో వస్తుంది, అది నేను అనుభవించాను. ఒక ప్రసిద్ధ గాయకుడితో మాట్లాడటానికి అనుమతి ఇస్తూ, కొత్త ఆల్బమ్ గురించి మాత్రమే రాయాలని ఆయన ప్రచార బాధ్యుడు షరతు పెట్టాడు. ఒప్పుకున్నాను. మాటల మధ్యలో ఆయన ఉన్నట్టుండి ఆగి, ముప్ఫై ఏళ్ల కిందటి తన పాట ఒకటి పెట్టించుకుని, తల వంచుకుని చివరిదాకా విన్నాడు. "ఇది పాడినవాడెవరో నాకు తెలియదు" అన్నాడు. నా నోటుపుస్తకంలో ఆ మాట ఉంది, వ్యాసంలో లేదు. లోపలికి రానిచ్చినందుకు ఉప్పు తిన్న విశ్వాసం లాంటిది నన్ను పట్టుకుంది. అచ్చయినదాన్ని ఇప్పుడు చదివితే ప్రచార పత్రానికీ దానికీ తేడా కనిపించదు. ఎర్ర పెన్సిలును నేనే తీసుకెళ్ళి మరొకరి చేతిలో పెట్టాను, ఆ బాధ ఇప్పటికీ తీరలేదు.

ఆ మూడో పేజీ తిరగరాయి. ఫొటో పక్కన సన్నటి అక్షరాలతో తీసినవాళ్ళ పేరు అచ్చయి ఉంటుంది, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. అదే రోజు తీసిన మిగతావి ఏ పుస్తకంలోనైనా వచ్చాయేమో వెతుకు. అన్నీ చూశాక కూడా ఆ కళ్ళలో ఒంటరితనమే కనిపిస్తే నీ వాక్యాన్ని అలాగే ఉంచు. ఈసారి పంపేటప్పుడు నోటుపుస్తకంలోంచి వ్యాసంలోకి రాని పేజీలు కూడా జతచెయ్యి, నాకు ముందు అవే చదవాలని ఉంది.

ఇట్లు,
నీ అన్నయ్య