14 రోజుల సెలవులకు 62 వేల కెమెరానా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో గాజువాక. మా వారి జీతం, నా కుట్టుపని కలిపి నెలకు 46 వేలు వస్తాయి. ఇంటి ఖర్చులు, పాత లోను కిస్తీ పోగా 7 వేలు మిగులుతాయి. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. డిసెంబరులో అరకు, సంక్రాంతికి శ్రీకాకుళం దగ్గర మా ఊరు, వేసవిలో పూరీ, తిరుపతి... ఏడాదికి 14 రోజులు తిరుగుతాం. ఫోనులో తీసిన ఫొటోలు మసకగా ఉంటున్నాయి. కిందటిసారి మా వారు వాట్సాప్‌లో స్టూడియోకు పంపి 20 ప్రింట్లు వేయిస్తే ఒక్కటీ బాగా రాలేదు. షాపులో 62 వేల కెమెరా చూపించి, వడ్డీ లేకుండా 12 నెలల కిస్తీ అన్నారు. నగదు ఇస్తే 58,500కే ఇస్తారట. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. డబ్బు సంగతికి వచ్చేముందు, మీరు మాటవరుసకు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాలి. ఫొటోలు స్టూడియోకు వాట్సాప్‌లో వెళ్లాయన్నారు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను బాగా కుదించేస్తుంది. ఫోను తెర మీద ఆ తేడా తెలియదు, కాగితం మీదికి ఎక్కాకే బయటపడుతుంది. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ఉన్న ప్రింటుకు 90 లక్షల పిక్సెళ్లుంటే చాలు. ఈ రోజుల్లో మామూలు ఫోను కూడా అంతకంటే ఎక్కువే ఇస్తుంది. ముందు రెండు పాత ఫొటోలు ఇలా మళ్లీ ప్రింటు వేయించి చూడండి. బీచ్‌కు వెళ్లినప్పుడు ఫోను వెనకున్న కెమెరా అద్దాన్ని మెత్తటి నూలుగుడ్డతో తుడవడం మరిచిపోకండి. ఉప్పు తుంపర, మన చేతి జిడ్డు కలిసి ఆ అద్దానికి సన్నటి పొర కడతాయి. ఎదురుగా సూర్యుడుంటే ఫొటో అంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది.

అయినా ఫోను చేయలేని పనులున్నాయి, కాదనను. బొర్రా గుహల్లో కదిలే పిల్లాడి ముఖం, పొద్దుగూకాక బీచ్‌లో పరుగులు. వీటికి పెద్ద సెన్సరు (వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్) కావాలి. అందుకే చవకగా వస్తుందని, జూమ్ ఎక్కువని చిన్న కెమెరా కొనకండి. వాటిలో చాలావాటి సెన్సరు సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పే, ఫోనుకు పెద్ద తేడా ఉండదు. లెన్సు మార్చుకునే సాధారణ కెమెరాల్లో అది 22 నుంచి 24 మిల్లీమీటర్లు. వైశాల్యంలో చూస్తే దాదాపు 12 రెట్లు.

ఇక కిస్తీ. నగదుకు 58,500, కిస్తీకి 62,000 అన్నప్పుడే వడ్డీ ఎక్కడుందో తెలిసిపోయింది. ఆ 3,500 వడ్డీయే, పేరు మార్చారంతే. 6 శాతమే కదా అనిపిస్తుంది. కానీ మీరు మొదటి నెల నుంచే అసలు తీర్చుకుంటూ వస్తారు, ఏడాది పొడవునా 58,500 మీ దగ్గర ఉండదు. ఆ లెక్కన అసలు రేటు ఏడాదికి దాదాపు 11 శాతం. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ అదనం. నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టింది రేటు కాదు. నెలకు 5,167 కిస్తీ పోతే మీ చేతిలో మిగిలేది 1,833. ఇంట్లో ఒక్కరికి జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్తే అది ఎంతసేపు నిలుస్తుంది? ఉన్న 40 వేలు మీకు ఒక నెల ఖర్చుకే సరిపోతాయి.

మీ 14 రోజుల్లో కెమెరా సంచిలోంచి బయటికి వచ్చేవి ఎన్ని? తిరుమల ఆలయంలోకి ఫోను, కెమెరా రెండూ తీసుకెళ్లనివ్వరు, పూరీ జగన్నాథుడి గుడిలోనూ అంతే. మన సెలవుల్లో సగం దేవుడి దర్శనాలే, ఆ పూటలు కెమెరా కౌంటరులోనే ఉంటుంది. ప్రయాణం రోజులు కూడా తీసేస్తే 8 రోజులు తేలాయి నాకు. కెమెరాకు తోడు మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, సంచి కలిపి 6 వేలు వేసుకోండి. మొత్తం 68 వేలు, అయిదేళ్లలో 40 రోజుల వాడకం. రోజుకు 1,700.

అందుకే ఈ డిసెంబరుకు అద్దెకు తెచ్చుకోండి. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు కెమెరాలు అద్దెకిచ్చే షాపులు మన ఊళ్లో ఉన్నాయి. రెండు మూడు చోట్ల రేటు, డిపాజిట్ అడగండి. రోజుకు వెయ్యి అనుకున్నా అరకు రెండు రోజులకు 2 వేలే. పైగా మీ వారికి దాన్ని మెడలో వేసుకుని తిరిగే ఓపిక ఉందో లేదో కూడా తేలుతుంది. చాలామందికి ఉండదు.

ఓపిక ఉందని తేలితే, మిగిలే 7 వేలల్లో 4,500 అత్యవసర నిధికి, 2,500 బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించండి. ఏడాదికి 30 వేలు, పైన వడ్డీ. కంపెనీలు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లడంతో, అద్దం ఉండే పాత తరహా డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు మంచివి సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకు దొరుకుతున్నాయి. 18-55 మిల్లీమీటర్ల లెన్సుతో (మామూలుగా కెమెరాతో పాటే వచ్చేది) ఉన్నది చూడండి, ఇల్లూ వాకిలీ కొండా అన్నింటికీ అది చాలు. పాత బిల్లు అడగండి, షట్టరు (ఫొటో తీసిన ప్రతిసారీ తెరుచుకుని మూసుకునే తెర) ఎన్నిసార్లు పడిందో చూపించమనండి. లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి మరకలు కనిపిస్తే అది బూజు, వదిలేయండి.

ఈ బూజు సంగతి నాకు స్వానుభవం. పెదవాల్తేరులో ఉన్నప్పుడు కార్డు మీద కొన్న కెమెరాను బీరువాలో, పట్టుచీరల మధ్య భద్రంగా దాచాను. రెండు వానాకాలాలు గడిచాక తీస్తే లెన్సు నిండా తెల్లటి దారాలు. మన సముద్రపు గాలికి మూసిన బీరువా కన్నా తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి బిగించిన ప్లాస్టిక్ డబ్బా మేలు.

అద్దె కెమెరా చేతికి వచ్చినప్పుడు షాపులోనే దాని గీతలు, సొట్టలు మీ ఫోనుతో ఫొటో తీసుకోండి, డిపాజిట్ వెనక్కి తీసుకునేటప్పుడు వాదన ఉండదు. బొర్రా గుహల దగ్గర కెమెరాకు విడిగా టికెట్ తీసుకోవాలి, అదీ ప్రయాణం ఖర్చులో రాసుకోండి.