డీఏసీ (అంకెని వోల్టేజీగా మార్చే భాగం) లేని ఆర్డుయినో నుంచి 0–5 వోల్టులు: కెపాసిటర్ కాదు, ఫ్రీక్వెన్సీ పెంచండి

ప్రశ్న: ఆర్డుయినో ఊనో బోర్డు 9వ పిన్నులో అనలాగ్‌రైట్ కమాండ్‌తో 128 (0–255లో సగం) ఇస్తే మీటరు 2.5 వోల్టులు చూపిస్తోంది. మోటార్ డ్రైవ్ స్పీడ్ ఇన్‌పుట్‌కి కలిపితే మాత్రం స్పీడు ఊగుతోంది. 10కే రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో ఫిల్టర్ పెట్టినా పూర్తిగా పోలేదు. వైజాగ్‌లో దొరికే పార్టులతో కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. ముందు ఆ మీటరును నమ్మడం మానండి. పిన్ను మీద 2.5 వోల్టులు ఎప్పుడూ లేవు. సెకనుకి 490 సార్లు 0కీ 5కీ మధ్య మారుతోంది, మీటరు సగటు చూపిస్తోంది.

మీ ఫిల్టర్ దాటాక కూడా సుమారు 25 మిల్లీవోల్టుల రిపుల్ (వోల్టేజీ ఊగిసలాట) మిగులుతుంది. అనలాగ్‌రైట్ 8 బిట్లలో ఒక్కో మెట్టు 19.5 మిల్లీవోల్టులే, అంటే రిపుల్ మెట్టు కన్నా పెద్దది. కెపాసిటర్‌ని 100 మైక్రోఫారడ్ చేస్తే రిపుల్ తగ్గుతుంది, కానీ స్పీడు మార్చిన ప్రతిసారీ వోల్టేజీ కుదురుకోడానికి 6 సెకన్లు పడుతుంది.

అందుకే ప్రోగ్రామ్ సెటప్‌లో టీసీసీఆర్1బీ రిజిస్టర్ (9, 10 పిన్నుల టైమర్ వేగం నిర్ణయించేది) చివరి 3 బిట్లు 001 చేయండి, మిగతావి కదపొద్దు. 9, 10 పిన్నులు 31,372 హెర్ట్జ్‌కి వెళ్తాయి. అప్పుడు 10కే, 1 మైక్రోఫారడ్ చాలు: రిపుల్ 4 మిల్లీవోల్టులు, కుదురుకోడానికి 60 మిల్లీసెకన్లు. సర్వో లైబ్రరీ కూడా ఇదే టైమర్ వాడుతుంది, రెండూ కలిపి పెట్టకండి. 5, 6 పిన్నుల టైమర్ జోలికి అసలు పోవద్దు, డిలే, మిల్లీస్ లెక్క తప్పుతాయి.

డాబాగార్డెన్స్ షాపుల్లో సిరామిక్ కొనేటప్పుడు పైన 105 అని ఉందో లేదో చూసుకోండి. 104 అంటే పదో వంతు, రిపుల్ పది రెట్లు.

ఫిల్టర్‌ని నేరుగా డ్రైవ్‌కి కలపకండి. దాని ఇన్‌పుట్ కూడా 10కే అయితే మీ 5 వోల్టులు 2.5 అయిపోతాయి. మధ్యలో బఫర్‌గా ఎల్‌ఎం358 ఆప్-యాంప్ చిప్ పెట్టండి: ఫిల్టర్ 3వ కాలుకి, 1, 2 కాళ్లు కలిపి అవుట్‌పుట్, 4 గ్రౌండు, 8కి 12 వోల్టులు. దీనికి 5 వోల్టులే ఇస్తే అవుట్‌పుట్ దాదాపు 3.5 దగ్గర ఆగిపోతుంది. 5 వోల్టుల సప్లయే ఉంటే ఎంసీపీ6002 వాడండి, కాళ్ల వరస అదే.

ఊనో గ్రౌండు, డ్రైవ్ అనలాగ్ కామన్ కలిసి ఉండాలి. ఆ వైరు బ్రెడ్‌బోర్డులో గుచ్చి వదిలేయొద్దు, సోల్డర్ చేయండి. మన ఉప్పుగాలికి క్లిప్పులు పాడై స్పీడు మళ్లీ ఊగుతుంది.

ఆర్-2ఆర్ నిచ్చెన (పిన్నులకి రెసిస్టర్ల వరస కలిపి వోల్టేజీ తయారుచేసే పద్ధతి) ఈ పనికి వద్దు. 8 పిన్నులు పోతాయి, పైగా 5 శాతం రెసిస్టర్లతో 127 నుంచి 128కి వెళ్లేటప్పుడు వోల్టేజీ పెరగాల్సింది పోయి తగ్గే ప్రమాదం ఉంది.