పీఎస్పీ హోమ్‌బ్రూ జనమంతా ఎటు పోయారు? నేను చూసింది చెప్తాను

మీరు అడిగింది ఇదీ: మీ అన్నయ్య వదిలేసిన పాత పీఎస్పీ, అంటే సోనీ వాళ్ల చేతిలో పట్టే గేమ్ మెషీన్ ప్లేస్టేషన్ పోర్టబుల్, దొరికింది. దాని హ్యాకింగ్ గురించి వెతికితే 2006 నుంచి 2009 దాకా ఒకటే హడావుడి, తర్వాత అంతా సద్దుమణిగినట్టుంది. సోనీ వాళ్లే తొక్కేశారా? ఇప్పుడు దానితో పనేమైనా ఉందా?

సోనీ తొక్కలేకపోయింది. 2011 జనవరికల్లా పీఎస్పీ తాళంచెవులే, అంటే ప్రోగ్రామ్‌లకి సోనీ సంతకం వేసే రహస్య కోడ్‌లే, బయటికొచ్చేశాయి. విచిత్రమేంటంటే జనం బాగా పలచబడింది ఆ తర్వాతే. ఎందుకో చెప్పాలంటే నా పీఎస్పీ ఒకసారి చచ్చి బతికిన సంగతి చెప్పాలి. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

2007 చివర్లో మా బాబాయ్ అమెరికా నుంచి వస్తూ పీఎస్పీ స్లిమ్ తెచ్చాడు. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, దిల్‌సుఖ్‌నగర్‌లో ముగ్గురం కలిసి ఒక రూమ్. చేతిలో బ్లాక్ అండ్ వైట్ ఫోన్ ఉన్నవాడికి 4.3 అంగుళాల రంగుల స్క్రీన్, 333 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లే ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్ అంటే జేబులో కంప్యూటర్ ఉన్నట్టే. కాకపోతే సోనీ సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లు మాత్రమే అందులో నడుస్తాయి. మనం రాసుకున్నది, పక్కవాడు రాసింది ఏదీ నడవదు. ఆ సంతకం లేకుండా నడిపించుకునే ప్రోగ్రామ్‌లనే హోమ్‌బ్రూ అనేవాళ్లం.

మా కాలేజీలో ఒక సీనియర్ ఉండేవాడు. ఆయన దగ్గర పాత లావు పీఎస్పీ, దాంతోపాటు ఒక 'పండోరా' బ్యాటరీ. నా పీఎస్పీకి, సోనీ సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ని హ్యాకర్లు మార్చి చేసిన ఎం33 కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కించింది ఆయనే. పండోరా అంటే మామూలు పీఎస్పీ బ్యాటరీయే. లోపల చిన్న చిప్‌లో సీరియల్ నంబర్ ఉంటుంది. దాన్ని మొత్తం ఎఫ్‌లుగా మార్చేస్తే, పీఎస్పీ తాను సోనీ సర్వీస్ సెంటర్లో ఉన్నాననుకుంటుంది. అప్పుడు లోపలి మెమరీని పక్కనబెట్టి, సోనీ మెమరీ కార్డయిన మెమరీ స్టిక్‌లో ఉన్నదాంతో బూట్ అవుతుంది. ఈ కిటుకు 2007 ఆగస్టులో బయటపడింది. బ్యాటరీ పెట్టగానే, స్విచ్ ముట్టుకోకుండానే పచ్చ లైటు దానంతటదే వెలిగేది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇక నా తెలివితేటలు వినండి. పీఎస్పీలో తెలుగు అక్షరాలు లేవు. పాటల ఫోల్డర్‌కి తెలుగులో పేరు పెట్టి చూసుకోవాలని నా పిచ్చి. ఎక్కడో దొరికిన టూల్‌తో ఒక తెలుగు ఫాంట్‌ని పీఎస్పీ రకంలోకి మార్చి, 'ఫ్లాష్ జీరో'లో, అంటే సిస్టమ్ ఫైళ్లు ఉండే చోట, అసలు ఫాంట్ తీసేసి దీన్ని పెట్టాను. నిజానికి అది పనిచేసినా లాభం లేదు. గుణింతాలు, వత్తులు అతికించే తెలివి దానికి లేదు. క్ష అని రాస్తే మూడు ముక్కలుగా కనిపించేది. అది తర్వాత తెలిసింది. ముందు జరిగిందేంటంటే, ఆ చోటు చాలక ఫైలు సగంలో ఆగిపోయింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే పచ్చ లైటు, నల్ల స్క్రీన్. కాసేపటికి లైటు కూడా ఆరిపోయింది. దీన్నే బ్రిక్ అంటారు. ఇటుక. సరైన పేరే.

సికింద్రాబాద్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే తిప్పి చూసి, 'బోర్డు పోయింది, 3500 అవుతుంది' అన్నాడు. బాబాయ్‌కి ఏం చెప్పాలో తెలీక రెండు రాత్రులు నిద్ర లేదు. సెలవులకి నిజామాబాద్ వెళ్లిన సీనియర్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు. 'బోర్డూ లేదు, గీర్డూ లేదు, నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు' అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చి తన లావు బ్యాటరీ నా స్లిమ్‌లో పెట్టాడు. వెనక మూత పట్టలేదు, అయినా పనికి అడ్డం కాదు. స్టిక్‌లో ఉన్న ప్రోగ్రామ్ పేరు 'డెస్పెర్టార్ డెల్ సెమెంతేరియో'. స్పానిష్‌లో శ్మశానంలోంచి మేలుకోవడం అని అర్థం. చేసింది డార్క్ అలెక్స్ అనే స్పెయిన్ కుర్రాడు. స్క్రీన్ మీద నాలుగు లైన్ల మెనూ వచ్చింది, క్రాస్ బటన్ నొక్కాడు, అంకెలు వందకి చేరాయి. బ్యాటరీ మార్చి ఆన్ చేస్తే మామూలు మెనూ అలలు అలలుగా ఎప్పట్లాగే కదులుతోంది. నేనాయనకి మిర్చి బజ్జీలు కొనిపెట్టాను. ఫీజు అంతే.

ఆ రోజే ఆయన నా బ్యాటరీని కూడా పండోరాగా మార్చేశాడు. 'నీలాంటి తెలివైనవాళ్లు ఇంకా ఉంటారు' అని. నిజంగానే ఉన్నారు. ఆ తర్వాత రెండేళ్లలో నా చేత్తో తొమ్మిది పీఎస్పీలు బతికించాను. వాటి ఓనర్లలో ముగ్గురు నాకు ముక్కూమొహం తెలియనివాళ్లు. మనిషి నుంచి మనిషికి మాట పాకి, వెతుక్కుంటూ రూమ్‌కి వచ్చేవాళ్లు.

మీ ప్రశ్నకి నా జవాబు ఇక్కడుంది. ఒక పీఎస్పీని లేపాలంటే అప్పటికే హ్యాక్ అయిన ఇంకో పీఎస్పీ కావాలి, దాని ఓనర్ కావాలి. బ్యాటరీ విప్పి చిప్ కాలు ఒకటి పైకి లేపే పద్ధతి కూడా ఉండేది, కానీ దానికి చేయి వణక్కూడదు. చవక డూప్లికేట్ బ్యాటరీలైతే కొన్ని మారేవే కావు. కాబట్టి ఎవరో ఒకరిని అడగాల్సిందే. అడిగినవాడు నేర్చుకునేవాడు, నేర్చుకున్నవాడు ఇంకొకడికి చేసిపెట్టేవాడు. మన దగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ ఇదే వరస.

నేను చేరేసరికే సోనీకి, హ్యాకర్లకి మధ్య ఈ దొంగా పోలీస్ ఆట రెండేళ్లు నడిచింది. 2004 డిసెంబర్‌లో జపాన్‌లో వచ్చిన 1.00 ఫర్మ్‌వేర్‌కి అసలు తాళమే లేదు, సంతకం లేని ప్రోగ్రామ్ పెట్టినా నడిపేసేది. 2005 మార్చిలో అమెరికాకి వచ్చిన 1.50లో తాళం వేశారు. మొదట్లో దాన్ని దాటాలంటే ఒక మెమరీ స్టిక్ పెట్టి, ప్రోగ్రామ్ లోడ్ అవుతుండగా పీకి, అదే ఊపులో రెండోది గుచ్చాలట. తర్వాత ఫోల్డర్ పేరు చివర పర్సెంట్ గుర్తు పెట్టిన జంట ఫోల్డర్‌తోనే పని అయిపోయింది. 2.00 ఫర్మ్‌వేర్‌లో సోనీ ఇంటర్నెట్ బ్రౌజర్ ఎర వేసింది. అప్‌డేట్ చేస్తే బ్రౌజర్ వస్తుంది, హోమ్‌బ్రూ పోతుంది. దానికి ఒక టిఫ్ బొమ్మ ఫైలుతో కన్నం వేశారు. ఆ మీద జీటీఏ లిబర్టీ సిటీ స్టోరీస్ గేమ్ సేవ్ ఫైలు, 2007లో లూమినెస్ గేమ్ సేవ్ ఫైలు. ఆ పాత పజిల్ గేమ్ కోసం జనం షాపుల మీద పడ్డారు.

అంత కష్టపడి ఏం నడిపేవాళ్లం? చాలామంది దొంగ ఐఎస్ఓ గేములు, అంటే డిస్క్‌ని ఫైలుగా కాపీ కొట్టినవి. దాచడానికేముంది. ఎనిమిది జీబీ స్టిక్ ఇస్తే రెండొందలకి నింపి ఇచ్చే షాపులు మన ఊళ్లలోనే ఉండేవి. కానీ నాకు గుర్తున్నవి వేరే. బుకర్ అని పీడీఎఫ్ రీడర్ ఉండేది. ఫాంట్ విషయంలో నన్ను ఏడిపించిన పీఎస్పీయే, పీడీఎఫ్ అయ్యేసరికి తెలుగు పుస్తకాన్ని వత్తులతో సహా ముచ్చటగా చూపించింది. పక్కకి తిప్పి పట్టుకుని, పడుకుని ఎన్ని పాత నవలలు చదివానో. పాత నింటెండో మెషీన్ల గేములు నడిపే ఎమ్యులేటర్లూ ఉండేవి, జీబీఏ గేములకి జీపీఎస్పీ, ఎస్‌ఎన్‌ఈఎస్ వాటికి స్నెస్ నైన్ ఎక్స్ టైల్. లువా ప్లేయర్ అని ఇంకొకటి, అందులో మనమే చిన్న ప్రోగ్రామ్‌లు రాసుకోవచ్చు. నేను పులిజూదం రాశాను. మూడు పులులు, పదిహేను మేకలు, 480 బై 272 స్క్రీన్ మీద ఆ త్రికోణం గీతలు సరిగ్గా కలిసేసరికి వారం పట్టింది. కంప్యూటర్ ఆడే పులి ఎంత మొద్దంటే మా రూమ్మేట్ అయిదేళ్ల మేనకోడలు దాన్ని కట్టేసింది. అయినా అది నేను రాసింది, నా చేతిలోని పీఎస్పీలో నడిచింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నానంటే మొదటి బీజం అక్కడ పడిందే.

ఇక సన్నగిల్లిన తీరు. 2008లో సోనీ బోర్డు మార్చింది. టీఏ-088 వెర్షన్ 3 బోర్డున్న స్లిమ్‌లు, ఆ అక్టోబర్‌లో వచ్చిన పీఎస్పీ 3000 పండోరాకి లొంగలేదు. కొత్తగా కొన్నవాళ్లకి మా బ్యాటరీ పనికిరాదు. ఎం33 కూడా 5.00తో ఆగింది. 2009 మేలో డేవీ అనే అతను చిక్‌హెన్ తెచ్చాడు, మళ్లీ టిఫ్ బొమ్మలే, ఈసారి కోడిగుడ్లవి. ఒక్కోసారి ఇరవై సార్లు ప్రయత్నిస్తేగానీ పట్టేది కాదు. పూర్తిగా ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికే. అయినా జనం సరదాగానే చేశారు, ఎందుకంటే అప్పటికి వేరే దారి లేదు.

2010 డిసెంబర్‌లో ఫెయిల్ ఓవర్‌ఫ్లో అనే హ్యాకర్ల బృందం సోనీ వాళ్ల పెద్ద గేమ్ మెషీన్ పీఎస్3 (ప్లేస్టేషన్ 3) గుట్టు విప్పింది. పీఎస్3 లోపల పీఎస్పీ గేములు నడిపే భాగం ఉంది, పీఎస్పీ తాళంచెవులు అందులోనే దాగున్నాయి. నెల తిరక్కుండానే అవి బయటపడ్డాయి. ఆ తర్వాత ఏ పీఎస్పీ అయినా, ఎంత కొత్త ఫర్మ్‌వేర్ అయినా, సంతకం చేసిన ఫైలు స్టిక్‌లో వేసి నొక్కితే చాలు. మా ఊరి కుర్రాడొకడు 2011లో 3000 మోడల్ చూపించి, 'పది నిమిషాల్లో నేనే చేసుకున్నా అన్నా' అన్నాడు. సంతోషమే అనిపించింది. కానీ వాడు ఎవరినీ ఏమీ అడగలేదు, వాడిని కూడా ఎవరూ అడగరు. నా పండోరా బ్యాటరీ ఆ రోజు నుంచి సొరుగులోనే ఉంది.

ఐఎస్ఓలు నడిస్తే చాలనుకున్నవాళ్లకి అక్కడితో పని అయిపోయింది. వాళ్లు ఎక్కువమంది కాబట్టి ఒక్కసారిగా ఖాళీ అయినట్టు కనిపించింది. పైరసీయే కమ్యూనిటీని చంపిందని చాలామంది అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఐఎస్ఓల కోసం వచ్చినవాడే నాలుగు రోజులకి లువాలో ఏదో గీకేవాడు, నేనూ అలా వచ్చినవాడినే. 2011లో మారింది, వచ్చినవాడికి ఆగాల్సిన అవసరం లేకపోవడం.

రాసేవాళ్ల సంగతి వేరు, వాళ్లని ఫోన్ లాక్కుంది. ఆండ్రాయిడ్‌లో మన ప్రోగ్రామ్ మనం నడుపుకోవడానికి కన్నం వేయక్కర్లేదు. ఎమ్యులేటర్, పీడీఎఫ్ రీడర్, పాటలు, ఇంటర్నెట్ అన్నీ అందులోనే. జీపీఎస్పీ చేసిన ఎక్సోఫేజ్ తర్వాత ఆండ్రాయిడ్ మీద డ్రాస్టిక్ అనే నింటెండో డీఎస్ ఎమ్యులేటర్‌కి పనిచేశాడు. 2012 నవంబర్‌లో హెన్రిక్ రిడ్గార్డ్ పీపీఎస్ఎస్పీపీ అనే పీఎస్పీ ఎమ్యులేటర్ వదిలాక పీఎస్పీ గేములు ఆడటానికి పీఎస్పీయే అక్కర్లేకుండా పోయింది.

మిగిలినవాళ్లు పీఎస్పీ తర్వాత సోనీ తెచ్చిన వీటా వైపు వెళ్లారు, కానీ అక్కడ మొదట్లో గాలి వేరు. వీటాలో నడిచే ఏదో ఒక పీఎస్పీ గేమ్‌లో కన్నం దొరికేది. పేరు బయటపెట్టగానే సోనీ ఆ గేమ్‌ని స్టోర్ నుంచి తీసేసేది. అందుకని గుట్టుగా కొందరికే ముందు చెప్పి, వాళ్లు కొనుక్కున్నాక మిగతావాళ్లకి చెప్పేవాళ్లు. అడిగితే చెప్పకూడదన్న టెన్షన్, ఎవడు లీక్ చేశాడన్న అనుమానం. పండోరా రోజుల నుంచి వచ్చిన నాకు అది నచ్చలేదు, మానుకున్నాను. 2016లో హెన్‌కాకు అనే వీటా హ్యాక్ వచ్చాక పరిస్థితి మారిందంటారు. అప్పటికి నాకు పెళ్లై, పాప పుట్టి, ఈ లోకమే మరిచిపోయాను.

మీ పీఎస్పీ సంగతికొస్తే, ముందు బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి చూడండి. మధ్యలో ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టకండి, ఈ-వేస్ట్‌కి ఇచ్చేయండి. అసలు బ్యాటరీ అని అమ్మేవాటిలో చాలావరకు నకిలీలే, పైన రాసిన కెపాసిటీ నమ్మకండి. మెమరీ స్టిక్ కోసం డబ్బులు పోయొద్దు, మైక్రోఎస్డీ పట్టే అడాప్టర్ చవకగా దొరుకుతుంది. ఫర్మ్‌వేర్ 6.61కి తెచ్చుకుని, ఏఆర్‌కే-4 అనే కస్టమ్ ఫర్మ్‌వేర్ వేసుకోండి. దాన్ని ఇప్పటికీ కొద్దిమంది ఓపిగ్గా చూసుకుంటున్నారు. పీఎస్పీ ప్రోగ్రామ్‌లు రాయడానికి కావాల్సిన టూల్స్ కూడా కొత్త కంపైలర్లతో సహా ఉచితంగా ఉన్నాయి. సోనీ మాత్రం 2021 జులైలో పీఎస్పీలోంచి కొనుక్కునే దారి మూసేసింది. ఒక్క మాట, ఫ్లాష్ జీరో జోలికి వెళ్లకండి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నా స్లిమ్ బయటికి తీశాను. పండోరా బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది, పారేశాను. కొత్త బ్యాటరీ వేస్తే ఆన్ అయింది. స్టిక్‌లో పులిజూదం అలాగే ఉంది. మా పాపకి ఇస్తే ముందు స్క్రీన్ మీద వేలు పెట్టి లాగింది. బటన్లు నొక్కాలని చెప్పాక పది నిమిషాల్లో మూడు పులుల్నీ కట్టేసింది. 'ఈ పులికి ఏమీ రాదు నాన్నా' అంది.