కదలనీయని కడుపునొప్పిని గ్యాస్ అనుకోవద్దు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఐదు ఒకే జబ్బు చుట్టూ తిరుగుతున్నాయి. పెరిటోనైటిస్, అంటే కడుపు లోపలి పొర వాచటం. అడిగినవాళ్ళు ఐదు రకాలుగా అడిగారు, చూస్తే విషయం ఒకటే, అందుకని అన్నీ ఒకచోట పెట్టేశా.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా నాయనకి 54 ఏళ్ళు, పొగాకు బ్యారన్ల కాడ పనికి పోతాడు. మోకాళ్ళ నొప్పులకి, నడుం నొప్పికి మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని ఏడాది పైనుంచి వేసుకుంటా ఉండాడు, చుట్ట కూడా తాగుతాడు. పోయిన నెల ఒకరోజు తెల్లారుజామున ఉన్నట్టుండి పొట్ట పైభాగాన నొప్పి, తట్టుకోలేక అరిచాడు. గ్యాసేమో అని వాము నీళ్ళు తాపించాం, ఆర్ఎంపీ వచ్చి సూదేసి పోయినాడు. మధ్యాహ్నానికి నెమ్మదించింది అంటే సరేలే అని ఊరుకున్నాం. రాత్రికి పొట్ట ఉబ్బిపోయి వాంతులు, జ్వరం. ఒంగోలు తీసుకుపోతే అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. అల్సర్ పగిలింది, పెరిటోనైటిస్ అన్నారు. ఇప్పుడు ఇంటికొచ్చాడు, బాగానే ఉండాడు. అసలా జబ్బేంది, గ్యాస్‌కీ దానికీ తేడా మాలాంటోళ్ళకి ఎట్టా తెలుస్తుంది?

జవాబు: మీ నాయన ఇంటికొచ్చాడు, ముందు అదే సంతోషం బాబూ. తేడా చెప్పేముందు ఆ పొర సంగతి కొంచెం చెప్తా. పొట్ట గోడకి లోపలివైపున, మళ్ళీ పేగులు, లివర్, జీర్ణాశయం వీటన్నిటి మీదా కప్పుకుని పల్చటి పొర ఒకటి ఉంటుంది, పెరిటోనియం అంటారు. మొత్తం పరిస్తే ఒంటి మీద చర్మం ఎంతుందో దాదాపు అంత ఉంటుంది. అక్కడ మామూలుగా క్రిములుండవు, పేగులు ఒకదాని మీద ఒకటి జారటానికి కాస్త తడి ఉంటుంది అంతే. పేగుల లోపలేమో కోట్లకి కోట్లు. ఎక్కడన్నా చిల్లు పడి లోపల ఉండాల్సింది బయటపడిందా, ఆ పొర వాస్తుంది, ఒంట్లో ఉన్న నీరంతా అటే ఊరిపోతుంది, బీపీ పడిపోతుంది, క్రిములు రక్తంలోకి ఎక్కితే ఇంక కిడ్నీలు, ఊపిరితిత్తులు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటాయి. ఇదంతా గంటల లెక్కన జరిగిపోతుంది, వారం పది రోజులు టైం ఇవ్వదు.

మీ నాయన విషయంలో నాకు అనుమానం మాత్రల మీదే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్, పేర్లు వేరైనా ఇవన్నీ ఒక జాతివే, రోజూ వేసుకుంటే జీర్ణాశయం లోపలి గోడ పుండు పడుతుంది, ఖాళీ కడుపున వేసినా అన్నం తిని వేసినా ఆ ప్రమాదం పోదు, పొగ తాగేవాళ్ళకి ఇంకా ఎక్కువ. చాలామంది సూది అయితే కడుపుకేం కాదు అనుకుంటారు, అది కూడా రక్తంలో తిరిగి చేసేది ఆ పనే. పుండు లోతుకి పోయి చిల్లు పడితే యాసిడ్ ఒక్కసారిగా ఆ పొర మీద పడుతుంది, అందుకే నొప్పి ఫలానా నిమిషానికి మొదలైంది అని చెప్పగలిగేంత హఠాత్తుగా వస్తుంది.

మధ్యాహ్నం నెమ్మదించటం గురించి రాశారు చూడండి, ఈ జబ్బులో మనుషుల్ని మోసం చేసేది అదే. యాసిడ్ పడ్డాక ఒళ్ళు అక్కడికి నీరు ఊరిస్తుంది, యాసిడ్ పల్చబడుతుంది, కొన్ని గంటలు నొప్పి తగ్గినట్టుంటుంది. పైన సూది కూడా వేశారు. లోపల క్రిములు పెరిగేది ఆ గంటల్లోనే. ఆర్ఎంపీని తిట్టాలని నాకు లేదు, తెల్లారుజామున పల్లెటూళ్ళో పిలిస్తే పలికేది ఆయనే, కాకపోతే సూది వేశాక ఇంట్లో పడుకోమనటం తప్పు, కారో ఆటోనో పిలవండి అని ఉండాల్సింది. హాస్పిటల్లో మేం కూడా నొప్పికి మందిస్తాం, దానివల్ల జబ్బు కనుక్కోవటానికి అడ్డం ఏమీ ఉండదు, ఇచ్చి ఇంటికి మాత్రం పంపించం.

ఇంక తేడా. గ్యాస్ నొప్పి ఉన్న మనిషి అటూ ఇటూ తిరుగుతాడు, పొట్ట రుద్దుకుంటాడు, తేన్పు వస్తే బాగుండు అంటాడు. కిడ్నీలో రాయి ఉన్నవాళ్ళు, మన జిల్లాల్లో ఆ నొప్పి ఎరగని ఇల్లుండదు, మంచం మీద పొర్లుతారు, ఒక్కచోట కుదురుగా ఉండలేరు. పెరిటోనైటిస్ మనిషి మాత్రం కదలడు. మోకాళ్ళు ముడుచుకుని, ఊపిరి కూడా పైపైన పీలుస్తా, నన్ను ముట్టుకోవద్దు అంటాడు. మంచానికి కాలు తగిలినా, ఆటో గుంతలో పడినా విలవిల్లాడిపోతాడు. దగ్గమని చెప్పండి, దగ్గలేడు. పొట్ట మీద అరచెయ్యి ఆనిస్తే చెక్కలా బిగుసుకుని ఉంటుంది, కావాలని వదులు చెయ్యమన్నా చెయ్యలేడు. కొంతమందికి భుజం పైన కూడా నొప్పి వస్తుంది, చిల్లుకీ భుజానికీ ఏం సంబంధం అంటారు, డయాఫ్రం అంటే ఊపిరితిత్తులకీ పొట్టకీ మధ్యన ఉండే కండరం, దాని నరమూ భుజం నరమూ మెడలో ఒకచోటి నుంచే బయల్దేరతాయి, అదీ సంగతి. తర్వాత తర్వాత వాంతులు, చలి జ్వరం, నాలుక ఎండిపోవటం, నాడి వేగంగా కొట్టుకోవటం, ఉచ్చ తగ్గిపోవటం, గాలి గానీ దొడ్డికి గానీ రాకపోవటం, పొట్ట ఉబ్బటం. పొట్ట ఉబ్బేదాకా ఆగారంటే చాలా ఆలస్యం అయినట్టే.

ఒక్క తిరకాసు ఉంది. బాగా వయసైనవాళ్ళలో, ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో, స్టెరాయిడ్ వాడేవాళ్ళలో పొట్ట గట్టిపడకపోవచ్చు, నొప్పి కూడా ఓ మోస్తరుగానే ఉండొచ్చు. జేజమ్మ అన్నం మానేసి, మత్తుగా పడుకుని, పొట్ట ఏదోలా ఉందబ్బాయా అంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

అనుమానం వస్తే నోటికి ఏమీ ఇవ్వొద్దు, మంచినీళ్ళు కూడా. వాము నీళ్ళు, సోడా, ఆముదం, విరేచనాల మాత్ర, ఎనిమా ఏదీ వద్దు, కాపడం పెట్టొద్దు. 108కి ఫోన్ చేసి, సర్జన్, ఆపరేషన్ థియేటర్ ఉన్న చోటికే నేరుగా పోండి, మధ్యలో మూడు క్లినిక్కులు ఆగొద్దు. వాడే మాత్రల అట్టలు మాత్రం సంచిలో వేసుకుని రండి, నాకు వాటితో సగం విషయం తెలిసిపోతుంది. ఆరోగ్యశ్రీ కార్డు యాడుందో అని బీరువా అంతా వెతుకుతా గంట పోగొడతారు, కార్డు వెనకాల ఎవరన్నా తెస్తారు, ముందు మనిషిని కదిలించండి. మేం నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే డయాఫ్రం కింద గాలి నల్లగా కనపడుతుంది, అందరిలోనూ కనపడదు, అప్పుడు సీటీ. తర్వాత సెలైన్, యాంటీబయాటిక్, ముక్కులోంచి ట్యూబు, ఆపరేషన్. లోపలున్న కొవ్వు పొరనే కాస్త తెచ్చి చిల్లు మీద కుట్టి, పొట్టంతా లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడుగుతాం.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిందల్లా ఆ మాత్రలు ఇంట్లో లేకుండా చెయ్యటం, చుట్ట మాన్పించటం, హెచ్ పైలోరీ టెస్ట్ చేశారా అని డాక్టర్‌ని అడగటం. ఆ క్రిమి ఉంటే 14 రోజుల కోర్సు మందులు పూర్తిగా వాడాలి, లేకపోతే పుండు మళ్ళీ వస్తుంది. మోకాళ్ళకి పారాసెటమాల్ వాడొచ్చు, డోసు డాక్టర్‌నే అడగండి.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. మొదట బొడ్డు చుట్టూ నొప్పి అన్నాడంట, పరీక్ష ఎగ్గొట్టడానికి నాటకం అన్నారంట హాస్టల్లో. తర్వాత కుడిపక్క కిందకి వచ్చిందంట. రెండో రోజు నొప్పి తగ్గిపోయింది అని నాకు ఫోన్ చేసి నవ్వుతా మాట్లాడాడు. ఆ రాత్రే జ్వరం, వణుకు, పొట్టంతా నొప్పి. అపెండిక్స్ పగిలి పెరిటోనైటిస్ అని ఆపరేషన్ చేశారు. తగ్గిన నొప్పి మళ్ళీ ఎట్టా వచ్చింది మేడమ్? నేనా రోజే పోయి ఉంటే బాగుండేదేమో అని ఒకటే బాధగా ఉంది.

జవాబు: అమ్మా, ఫోన్లో పిల్లాడు నవ్వుతా మాట్లాడితే ఏ తల్లయినా బాగున్నాడనే అనుకుంటుంది, ఆ మాట పక్కన పెట్టండి. అపెండిక్స్ వాచిన మొదట్లో నొప్పి బొడ్డు చుట్టూ ఎక్కడో తెలీకుండా ఉంటుంది, ఎందుకంటే పేగు నరాలకి ఖచ్చితంగా చోటు చెప్పటం రాదు. వాపు పెరిగి పక్కనున్న పొరకి తగిలినప్పుడు కుడిపక్క కింద వేలు పెట్టి చూపించేంత స్పష్టంగా వస్తుంది, పొరకున్న నరాలు చోటు బాగా చెప్తాయి. బొడ్డు దగ్గర మొదలై కుడిపక్కకి జరిగింది, ఆకలి లేదు, ఒకటి రెండు వాంతులు, కొంచెం జ్వరం అంటే ఇంక ఆలోచించక్కర్లేదు, ఆ రోజే సర్జన్‌కి చూపించాలి. అపెండిక్స్ బిగుసుకుని ఉన్నంతసేపే ఆ నొప్పి. పగిలిపోతే లోపలి ఒత్తిడి దిగిపోతుంది, కాసేపు హాయిగా ఉంటుంది, తర్వాత చీము పొట్టలోకి పాకి అసలు నొప్పి మొదలవుతుంది. పైన కందుకూరు వాళ్ళకి జరిగిందీ ఇట్టాంటిదే, దారి వేరు అంతే. మందు లేకుండా, దొడ్డికి పోకుండా, ఉన్నట్టుండి నొప్పి మాయమైతే నాకైతే భయమే.

హాస్టళ్ళ గురించి ఒకమాట. మన నెల్లూరు నిండా హాస్టళ్ళే, పిల్లలు నాటకాలు ఆడతారు, నిజమే, కానీ నాటకం ఆడే పిల్లాడు ఎగరమంటే ఎగురుతాడు. ఒంటికాలి మీద రెండుసార్లు గెంతమని వార్డెన్ అడిగితే చాలు, అపెండిక్స్ ఉన్నవాడు గెంతలేడు, పొట్ట పట్టుకుని వంగిపోతాడు. గెంతాడు కదా అని మాత్రం వదిలెయ్యొద్దు, అనుమానం ఉంటే స్కానింగ్ చేయించండి.

ప్రశ్న: మాది కోవూరు. మా ఇంటాయనకి తాగి తాగి లివర్ చెడిపోయింది, పొట్టలో నీళ్ళు చేరితే రెండుసార్లు తీయించాం. పోయిన వారం పెద్దగా నొప్పేం లేదు, కానీ పొంతన లేని మాటలు మాట్లాడతా రాత్రంతా నిద్రపోలేదు. హాస్పిటల్లో సూదితో నీళ్ళు తీసి టెస్ట్ చేసి పెరిటోనైటిస్ అన్నారు. చిల్లు ఏం లేదంట. మరి ఎట్టా వచ్చింది? ఆపరేషన్ చెయ్యరా?

జవాబు: ఇది వేరే రకం అమ్మా, దీనికి చిల్లు అక్కర్లేదు. లివర్ గట్టిపడినవాళ్ళ పొట్టలో చేరే నీటికి క్రిముల్ని ఆపే శక్తి తక్కువ. పేగు గోడ దాటి వచ్చిన క్రిములు ఆ నీళ్ళలో పెరుగుతాయి. నీళ్ళు పొరని ఎడంగా ఉంచుతాయి కాబట్టి పొట్ట గట్టిపడదు, నొప్పి లేకపోవచ్చు, మీరు చూసినట్టు మాట తడబడటం, నిద్ర తలకిందులవటం, కొంచెం జ్వరం, ఉచ్చ తగ్గటం, ఇవే బయటికి కనపడేవి. ఆ నీటిలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు ఒక క్యూబిక్ మిల్లీమీటరుకి 250 దాటితే క్రిమి ఏదో తేల్చే కల్చర్ రిపోర్ట్ కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. యాంటీబయాటిక్ సూదులు, కిడ్నీలు దెబ్బతినకుండా ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ సీసాలు. ఆల్బుమిన్ ఖరీదు చూసి వద్దులే అంటారు కొంతమంది, వద్దనకండి, దానివల్ల బతికినవాళ్ళున్నారు. ఆపరేషన్ అక్కర్లేదు.

ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, అందుకే రాకుండా రోజూ వేసుకునే మాత్ర రాస్తారు, బాగయ్యాడు కదా అని ఆపొద్దు. నొప్పి మాత్రలు ఈయనకి అస్సలు పనికిరావు. తాగుడు సంగతి మీకు నేను చెప్పేదేముంది, మానకపోతే ఏ మందూ నిలబడదు, ఆయన్ని ఈసారి చెకప్‌కి వచ్చినప్పుడు డీఅడిక్షన్ డాక్టర్‌కి కూడా చూపించండి. ఇంకోటి, పొట్టలో నీళ్ళున్న ప్రతివాళ్ళదీ లివరే అనుకోవద్దు. నెలల తరబడి సాయంత్రం జ్వరం, బరువు తగ్గటం, మెల్లగా నీరు చేరటం అంటే ఆ పొరకి టీబీ కూడా అయ్యుండొచ్చు, అది మందులతోనే నయమవుతుంది.

ప్రశ్న: మాది కనిగిరి అండీ. అమ్మకి కిడ్నీలు పోయి ఇంట్లోనే పొట్టలో ట్యూబుతో డయాలసిస్ చేస్తున్నాం, రోజుకి నాలుగు బ్యాగులు. ట్యూబు దగ్గర ఇన్ఫెక్షన్ వస్తే పెరిటోనైటిస్ అవుతుందని భయపెడుతున్నారు. ఇంట్లో ఏం చూసుకోవాలి?

జవాబు: భయపెట్టటం కాదు బాబూ, నిజమే, కానీ చూసుకోవటం మీ చేతిలో ఉంది. బయటికి వచ్చిన బ్యాగుని ప్రతిసారీ న్యూస్‌పేపర్ మీద పెట్టి చూడండి, వెనక అక్షరాలు చదవగలిగితే మంచిది, మసకగా ఉండి చదవలేకపోతే ఆ బ్యాగు పారెయ్యకుండా దాంతోపాటే హాస్పిటల్‌కి రండి, దాన్నే టెస్ట్ చేస్తారు. నొప్పి, జ్వరం లేకపోయినా సరే, మసక బ్యాగు ఒక్కటి చాలు. తొందరగా వస్తే మామూలుగా యాంటీబయాటిక్‌ని ఆ బ్యాగులోనే కలిపి పొట్టలోకి పంపిస్తారు, చాలామందికి ట్యూబు తియ్యాల్సిన పని పడదు. బ్యాగు మార్చేటప్పుడు మాస్కు, సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టటం, తలుపులు, కిటికీలు మూసి ఫ్యాన్ ఆపటం. కనిగిరి ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే నన్ను తిట్టుకుంటారని తెలుసు, బ్యాగు తగిలించేటప్పుడూ తీసేటప్పుడూ ఆపితే చాలు, ఆ తర్వాత వేసుకోండి.

ప్రశ్న: పెరిటోనైటిస్ ఆపరేషన్ అయ్యి నెల. వంకాయ, గోంగూర, చేపలు తింటే చీము పడుతుందని మా అత్త ఏమీ పెట్టటం లేదు. ఎన్నాళ్ళీ పథ్యం? ఉదయగిరి నుంచి ఒక అక్క.

జవాబు: వంకాయకీ చీముకీ సంబంధం లేదు, చేపలు, గుడ్లు, పప్పు తింటేనే గాయం మానుతుంది. పులుసులో కారం కొన్నాళ్ళు తగ్గించమని అత్తకి చెప్పు చాలు. బిందెలు ఎత్తటం మాత్రం మీ సర్జన్ సరే అనేదాకా వద్దు, కుట్ల చోట హెర్నియా దిగుతుంది. ఇట్టాంటి ఆపరేషన్ తర్వాత పేగులు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు, ఏళ్ళ తర్వాత కూడా. అందుకని ఎప్పుడైనా మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బి గాలి రాకపోవటం ఉంటే పాత ఆపరేషన్ కాగితాలు తీసుకుని అదే రోజు హాస్పిటల్‌కి పో.