డబ్బాలో గడ్డ, గ్లాసులో ఉండ

ప్రశ్న: మా అత్తగారికి డాక్టరు గారు రాసిన పోషకాహార పొడి, పిల్లల మాల్ట్ పొడి రెండూ వానాకాలంలో డబ్బాలోనే గడ్డకడుతున్నాయి. ఫ్రిజ్‌లో పెట్టినా అంతే. గడ్డలు చిదిపి వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఫ్రిజ్‌లో పెట్టబట్టే ఇంకా గడ్డకడుతున్నాయి. చల్లబడ్డ డబ్బా బయటికి తీసి మూత తెరిస్తే గాల్లోని తేమ పొడి మీద నీరుగా దిగుతుంది. రోజుకు రెండుసార్లు తీస్తే రెండుసార్లు తడిపినట్టే. అసలే మాల్ట్‌లోని చక్కెరలకు తేమను పీల్చే గుణం ఎక్కువ. రేణువుల పైపొర జిగురెక్కి ఒకదానికొకటి అతుక్కున్నాక, మళ్లీ ఆరినా విడిపోవు.

తేమ ఎక్కువగా వచ్చేది చెంచా వల్ల. పాలు కలిపిన చెంచానే మళ్లీ డబ్బాలో ముంచుతాం. కడిగిన కొలచెంచాను తుడవకుండా లోపల పడేస్తాం. మరుగుతున్న పాలగిన్నె మీద డబ్బా వంచి పొడి వేయడం కూడా అంతే చేటు, ఆవిరంతా లోపలికే పోతుంది. పొడిని పక్కన తడిలేని గ్లాసులోకి తీసుకుని, డబ్బా మూసేసి, ఆ తర్వాతే పాల దగ్గరికి వెళ్లండి. డబ్బాను పొయ్యి పక్కన, కిటికీ ఎండలో కాకుండా లోపలి అలమరలో ఉంచండి.

వానాకాలంలో పెద్ద డబ్బా చవక అని కొనకండి. పూటకు 25 గ్రాముల చొప్పున రెండు పూటలు వాడితే 400 గ్రాముల డబ్బా 8 రోజుల్లో అయిపోతుంది, కిలో డబ్బా 20 రోజులు తెరుస్తూ మూస్తూ ఉండాలి. కొనేసి ఉంటే వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని మిగతాది కదపకండి. పాత పొడి మీద కొత్తది పోయొద్దు. డబ్బా మీది గడువు తేదీ సీలు తీయని డబ్బాకు. తెరిచాక ఎన్ని వారాల్లో వాడాలో లేబుల్ మీద విడిగా రాసి ఉంటుంది, తెరిచిన తేదీ మూత మీద రాసుకోండి.

ఇక గడ్డల సంగతి. వేళ్లతో నొక్కగానే పొడిగా రాలితే వాడొచ్చు. జిగటగా సాగినా, రంగు ముదిరినా, ముక్కిన వాసన వచ్చినా పారేయండి. ఎక్కడైనా బూజు చుక్క కనిపిస్తే అంతమేర తీసేసి మిగతాది వాడటం కుదరదు, డబ్బా మొత్తం పోయినట్టే. పెద్దవాళ్లు తాగేదాని విషయంలో మొహమాటం వద్దు.

ప్రశ్న: వే ప్రొటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రొటీన్ పొడి) షేకర్‌లో, అంటే మూతున్న కుదుపు సీసాలో, ఎంత కుదిపినా ఉండలే. వేడి పాలల్లో అయితే విరిగినట్టవుతోంది. స్కూపు 30 గ్రాములంటే నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు పొడి వేసి పైన నీళ్లు పోస్తే, ఉండ పైపొర తడిసి జిగురుగా మూసుకుంటుంది, లోపలికి నీరు దిగదు. ముందు 200 నుంచి 250 మి.లీ. చల్లటి నీళ్లు, తర్వాత పొడి, ఉండలు చిదిపే తీగ బంతి, మూత. అర నిమిషం కుదిపి, రెండు నిమిషాలు వదిలి, ఇంకోసారి కుదపండి.

వే ప్రొటీన్ సుమారు 70 డిగ్రీల వేడి దాటితే కోడిగుడ్డు తెల్లసొనలా గట్టిపడుతుంది. దాంతో ప్రొటీన్ ఎక్కడికీ పోదు, తాగడమే కష్టం. వేడిగానే కావాలంటే నాలుగు చెంచాల చల్లటి పాలతో పల్చటి ముద్ద చేసి, గోరువెచ్చని పాలు కొద్దికొద్దిగా పోయండి. వేడివి షేకర్‌లో పోసి కుదిపితే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి మీద పడుతుంది.

స్కూపు బరువును గుడ్డిగా నమ్మకండి. గోపురంగా తీస్తే ఒక లెక్క, అంచుకు సమంగా గీస్తే ఇంకో లెక్క. వంటింటి డిజిటల్ కాటా మీద ఒక్కసారి తూచి చూస్తే మీ చేతి కొలత తెలిసిపోతుంది.

ప్రశ్న: రెండేళ్లు దాటిన బాబుకు విరేచనాలు. లీటరు తాగలేడని గ్లాసు నీళ్లలో పావు ప్యాకెట్ ఓఆర్ఎస్ వేస్తున్నాం. సరేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దు. పావు ప్యాకెట్‌ను కంటితో కొలవలేం, లవణాలు, గ్లూకోజు అందులో సమంగా వస్తాయన్న నమ్మకమూ లేదు. చిక్కగా అయితే విరేచనాలు పెరుగుతాయి, ఒంట్లో సోడియం హెచ్చుతుంది. పల్చనైతే లవణాలు చాలవు. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి. కొలతకు లీటరు నీళ్ల సీసా చాలు. 200 మి.లీ. ప్యాకెట్లూ దొరుకుతాయి, మీకు అవే అనువు. పంచదార, పాలు, పళ్లరసం చేర్చొద్దు, కలిపాక కాచొద్దు. మూతపెట్టి 24 గంటల్లో వాడి, మిగిలింది పారబోయండి.

ఈ వయసు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మి.లీ. గుక్కగుక్కగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా పట్టండి. మూత్రం తగ్గినా, కళ్లు గుంటపడినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: షేకర్ ఎంత కడిగినా వాసన పోదేం?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వాసన చాలావరకు సీసాలో కాదు, మూతలోని రబ్బరు రింగు వెనక ఉంటుంది. రింగు ఊడదీసి సబ్బుతో తోమి, అర గంట వంటసోడా నీళ్లలో నానబెట్టి, మూత బిగించకుండా ఆరబెట్టండి. తాగిన వెంటనే కడగడం కుదరకపోతే కనీసం నీళ్లతో తొలిచి పెట్టండి.