కాలువ గట్టు మీదుగా అంతర్వేది దాకా

“వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని, ఐదు వేలు దాటకుండా, రాజమండ్రి నుంచి కారులో ఎక్కడికెళ్ళి రావచ్చు?” అని అడిగారు.

ఎవర్నడిగినా అరకు అంటారు. అరకు మంచిదే గానీ, మే నెలలో వద్దే వద్దు. ఘాట్ రోడ్డు పొడుగునా కార్ల వరస, గదికి రెట్టింపు అద్దె. తిరిగొచ్చాక సెలవు అలుపు తీర్చుకోవడానికి ఇంకో సెలవు కావాలి. కోనసీమని ఇంటి పక్కనే పెట్టుకుని అంత దూరం ఎందుకు పోతారో నాకర్థం కాదు.

తెల్లారకముందే బయల్దేరి ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కండి. కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజీ. అద్దాలు దించేయండి, ఆ వేళప్పుడు నీళ్ళ మీంచి వచ్చే గాలికి ఏసీ అక్కర్లేదు. గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలేది ఇక్కడే అని పిల్లలకి చెప్పండి. సాయంత్రం అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలవడం చూస్తే పాఠం దానంతటదే బుర్రకెక్కుతుంది. వేసవి క్లాసులని చెప్పి ఏడో తరగతి పిల్లల్ని కూడా మే నెలంతా గదుల్లో కూర్చోబెడుతున్నారు. వాళ్ళకి ఊరి నది ఎటు పోతుందో తెలీదు. నాకు నిజంగా కడుపు మండుతుంది.

బొబ్బర్లంక దగ్గర దిగి ఆత్రేయపురం వైపు కాలువ గట్టు పట్టుకోండి. లొల్ల లాకులు వస్తాయి, కాలువ నీళ్ళని ఆపి వదిలే తలుపులవి. వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు కాబట్టి, ఆలోపు వెళితే నీళ్ళు చూడొచ్చు.

పోయినేడు మేం ఆ గట్టు మీదే, చెట్టు కింద ముంజలు కొడుతున్న ఓ పెద్దాయన్ని చూసి ఆగాం. పట్నంలో ముంజలంటే ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చే చల్లారిన ముక్కలు. ఇక్కడ గెల అలాగే ఉంది. ఆయన ఒక కాయ తీసి, కత్తితో పైన ఒక్క వేటు వేసి, మూడు కళ్ళూ బయటపడ్డాక మా అబ్బాయి చేతికిచ్చాడు. వాడు చెంచా ఉందా అని అడిగాడు. “చెంచా ఏంటి బాబూ, బొటనవేలు పెట్టి తోడుకో” అన్నాడాయన. వాడు వేలు గుచ్చగానే నీళ్ళు చొక్కా మీదకి చిమ్మాయి. తర్వాత ఎన్ని తిన్నాడో లెక్కలేదు.

అసలు సంబరం తిన్నాక మొదలైంది. పెద్దాయన రెండు ఖాళీ బుర్రలు తీసుకుని, వాటి మధ్య ఒక పుల్ల గుచ్చి, పంగల కర్ర ఆనించి మా పిల్లల చేతిలో పెట్టాడు. తాటిబుర్రల బండి! మా ఆవిడ కూడా ఒక రౌండు తోసింది. అక్క తోస్తుంటే తమ్ముడు హారన్ కొట్టుకుంటూ వెనకాల పరుగు. గట్టు మీద అరగంట దుమ్ము రేగింది. సెల్‌ఫోన్లు రెండూ సీట్లోనే పడున్నాయి. ఆ అరగంటకి ఏ రిసార్టూ సరిరాదు, ఈ మాట ఎక్కడైనా అంటాను.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసుకోండి. 2023లో వాటికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. డబ్బా చూసి కొనకండి, ఇంట్లో రేకులు తీసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. బోర్లించిన కుండ కింద మంట, పిండిలో ముంచిన గుడ్డ పైన ఒక్కసారి రాస్తారు, రేకు లేచి వస్తుంది. ఆ ఎండలో, ఆ సెగ దగ్గర పొద్దస్తమానం కూర్చునే ఆడవాళ్ళని చూశాక బేరమాడటానికి నోరు రాదు. దారిలోనే ర్యాలి. ముందు కేశవుడు, వెనక మోహిని, అంతా ఒకే రాయి. వెనక్కి తిరిగి చూడకుండా రాకండి.

టిఫిను అంబాజీపేటలో. పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తినకపోతే కోనసీమ వెళ్ళినట్టే కాదు. అక్కణ్ణుంచి పి.గన్నవరం. అక్కడ వంతెనలాంటి అక్విడక్టులో కాలువ నది మీదుగా దాటుతుంది. ఆ అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. దారిపొడుగునా హోటళ్ళు లేని కాలంలో ఆ గుమ్మమే దిక్కు.

చివర అంతర్వేది. స్వామి దర్శనం చేసుకుని సముద్రం దగ్గరికి వెళ్ళండి. మీ నీళ్ళ సీసాలు మాత్రం తిరిగి కారులోనే వేసుకోండి. అక్కడ ఇసుకలో గుచ్చుకునే గాజు పెంకులు చూస్తే ఏడుపొస్తుంది. ఓపికుంటే సఖినేటిపల్లిలో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వైపు దాటండి, పిల్లలకి బాగుంటుంది.

రానూపోనూ సుమారు 200 కిలోమీటర్లు. చిన్న కారుకి పెట్రోలు 1,500 లోపే, నలుగురి తిండీ పూతరేకులూ కలిపినా 3,500 దాటదు. శనివారం మాత్రం పెట్టుకోకండి. వాడపల్లి వెంకన్నకి ఏడు వారాల మొక్కున్న జనం ఆ రోజు గట్టు రోడ్డంతా నిండిపోతారు. మంగళ, బుధవారాలైతే హాయి.